ముక్క, పలుకు, నూక, పిండి: ఖాళీ సీసాల గాజుకు కొత్త ఉపయోగాలు

తెలుగులో చేతికి తొడుక్కునే గాజుకూ, అది తయారైన పదార్థానికీ ఒకటే మాట. చేతి గాజు పగిలితే ఆ ముక్కలను పారేయకుండా దాచుకుని, నేల మీద పోసి ఆటలాడుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. అదే పదార్థంతో చేసిన సీసా ఖాళీ అయితే మాత్రం కాలువ గట్టుకో, చెరువు కట్టకో, మామిడితోట కంచె పక్కకో చేరుతోంది. అక్కడ అది కుళ్లదు, తుప్పు పట్టదు, మట్టిలో కలవదు. పొలం పనికి వచ్చిన మనిషి పాదానికో పశువు కాలికో గుచ్చుకునేదాకా అలాగే పడి ఉంటుంది. అలాంటి సీసాలను సేకరించి, శుభ్రం చేసి, పగలగొట్టి, ఇంటి గచ్చుకూ పెరటి దారికీ పనికివచ్చేలా మార్చే విధానాన్ని ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా వివరిస్తున్నాను.

ఈ పని అంతటికీ ఆధారం ఒక్కటే: గాజును ఎంత పరిమాణానికి పగలగొట్టామన్న దాన్ని బట్టే అది ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ చెడు చేస్తుందో తేలుతుంది. అందుకే వంటింటి మాటలనే అరువు తెచ్చుకుని నాలుగు పేర్లు పెట్టుకుందాం. 12 మిల్లీమీటర్లకు పైన ఉన్నవి ముక్కలు. 4 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవి పలుకులు. అంతకన్నా చిన్నగా, ఇసుకలా ఉన్నది నూక. గోధుమపిండిలా వేళ్ల మధ్య గరుకు తెలియనంత మెత్తగా ఉన్నది పిండి. ఇక పగలగొట్టని సీసా ఉండనే ఉంది.

పగలగొట్టే ముందు

సీసా చెక్కుచెదరకుండా ఉంటే దానిని పగలగొట్టడం ఆఖరి మార్గం కావాలి. కడిగి మళ్లీ నింపడానికి మించిన పొదుపు గాజు విషయంలో మరొకటి లేదు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు 1872లో పేటెంటు హక్కులు పొందిన గోలీసోడా సీసా మన ఊళ్లలో తరాల తరబడి తిరిగింది అంటే, తాగినవారు సీసాను బండి దగ్గరే వదిలి వెళ్లడం వల్లనే. నేటికీ పాత సామాను కొట్లలో బీరు సీసాలను విడిగా కొంటారు. అవి కడిగి తిరిగి నింపే చోటుకు చేరతాయి. కాబట్టి పగలని బీరు సీసాలను ముందుగా అక్కడికే పంపండి.

పగిలిన గాజు కూడా కొలిమికి చేరగలిగితే మంచిదే. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి దాదాపు 1500 డిగ్రీల దగ్గర కరిగిస్తే కొత్త గాజు తయారవుతుంది. ఆ ముడిసరుకులో పాత గాజు ప్రతి 10 శాతానికీ కొలిమికి కావలసిన శక్తి రెండున్నర నుంచి మూడు శాతం దాకా తగ్గుతుంది. అయితే గాజు బరువైన సరుకు, చవకైన సరుకు. కొలిమి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు రవాణా ఖర్చే దాని విలువను మించిపోతుంది కనుక చిన్న ఊళ్లలో రంగురంగుల పెంకులను ఎవరూ కొనరు. ఈ మార్గదర్శి ముఖ్యంగా అలా మిగిలిపోయిన గాజు కోసం.

ఏ గాజును తీసుకోవాలి, దేనిని తాకకూడదు

పానీయాల సీసాలు, పచ్చళ్ల జాడీలు, జామ్ సీసాలు, కిటికీ అద్దాల ముక్కలు మంచివి. ఇవన్నీ సోడా, సున్నం కలిసిన గాజు. బరువులో 70 శాతానికి పైగా సిలికా, అంటే ఇసుకలోని ముఖ్య పదార్థం, ఉంటుంది. రంగు ఏదైనా గుణం దాదాపు ఒక్కటే. ఆకుపచ్చ రంగు క్రోమియం వల్ల, నీలం కోబాల్టు వల్ల, బీరు సీసా గోధుమ రంగు ఇనుము, గంధకం వల్ల వస్తాయి. అవి గాజులోనే బందీలై ఉంటాయి కాబట్టి భయపడవలసిన పని లేదు.

పనికిరాని వాటిని మాత్రం గట్టిగా తిరస్కరించాలి. ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది. పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో అంటించినది కాబట్టి విడిపోదు. ముఖం చూసుకునే అద్దం వెనుక పూత సిమెంటుతో సరిగా అతకదు. పురుగుమందుల సీసాలను, ఆస్పత్రి సీసాలను ఎంత కడిగినా నమ్మవద్దు. పొయ్యి మీద, ఓవెన్‌లో పెట్టే వేడిని తట్టుకునే బోరోసిలికేట్ పాత్రలు చూడడానికి మామూలు గాజులాగే ఉన్నా, సిమెంటులో అవి ఎంతో చురుగ్గా చర్య జరుపుతాయి. సిమెంటులో ఆ చర్యను కొలిచే పరీక్షలలో ఉద్దేశపూర్వకంగా వాడేది ఈ రకం గాజునే అంటే, దానిని మన గచ్చులోకి ఎందుకు రానివ్వకూడదో అర్థమవుతుంది.

కడగడం

ఈ అంచెను చాలామంది తేలికగా తీసుకుంటారు. నేనూ అలాగే తీసుకుని నష్టపోయాను. మొదటిసారి గచ్చు బిళ్లలు పోసినప్పుడు అడుగున కాస్త షర్బతు మిగిలిన సీసాలను పైపైన నీళ్లు పోసి తొలిపి వాడాను. మరునాడు అచ్చు విప్పితే బిళ్ల గోరుతో గీకితే రాలిపోయేంత మెత్తగా ఉంది. మూడో రోజుకూ గట్టిపడలేదు. చక్కెర సిమెంటుకు శత్రువు. సిమెంటు బరువులో వెయ్యింట ఒక వంతు చక్కెర చేరినా చాలు, గట్టిపడడం గంటల తరబడి వెనకబడుతుంది. మేస్త్రీలు కాంక్రీటు కలిపే చోట టీ, కూల్‌డ్రింకు ఒలకనివ్వవద్దని చెప్పడం వట్టి ఛాదస్తం కాదు.

పెద్ద తొట్టిలో వేడినీళ్లు పోసి, బకెట్టుకు గుప్పెడు చాకలి సోడా కలిపి, సీసాలను రాత్రంతా నానబెట్టండి. ఉదయానికి కాగితపు లేబుళ్లు చాలావరకు ఊడి వస్తాయి, మిగిలిన జిగురు స్టీలు పీచుకు లొంగుతుంది. లోపల సీసా బ్రష్షుతో తోమి, రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, తలకిందులుగా ఆరబెట్టండి. మూతి చుట్టూ మిగిలిపోయే అల్యూమినియం రింగును కటింగ్ ప్లయరుతో తప్పనిసరిగా తీసేయాలి. తడి సిమెంటులోని క్షారం అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. ఆ బుడగలు బిళ్ల ముఖం మీద గుంటలుగా మిగులుతాయి.

పగలగొట్టడం

కళ్లద్దాలు, మందపాటి తోలు చేతొడుగులు, మూసి ఉండే బూట్లు, పొడవు చేతుల చొక్కా, దుమ్మును ఆపే ఎన్-95 మాస్కు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. సాధారణ గాజు దుమ్ములోని సిలికా స్ఫటిక రూపంలో ఉండదు కాబట్టి, రాళ్లు కొట్టేవారి ఊపిరితిత్తులను తినేసే క్వార్ట్జు దుమ్ముతో దీనిని సమానంగా చూడనక్కరలేదు. అయినా ఇది గొంతునూ కళ్లనూ ఊపిరినీ ఒరిపిడి పెడుతుంది. పిల్లలను, కుక్కలను, కోళ్లను ఆ ఆవరణలోకి రానివ్వకండి.

నాలుగైదు సీసాలే అయితే వాటిని కాస్త తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, దానిని గోనెసంచిలో పెట్టి మూతి కట్టి, రాతి పలక మీద ఉంచి సుత్తితో కొట్టవచ్చు. తడి వల్ల దుమ్ము లేవదు. ఎక్కువ సీసాలు ఉంటే గోనెసంచి రెండు రోజుల్లో చిల్లులు పడుతుంది కాబట్టి మరో పద్ధతి మేలు. మందమైన అడుగున్న ఇనుప డ్రమ్ము ఒకటి తీసుకుని, దాని మూతకు మధ్యలో ఇనుప రోకలి పట్టేంత రంధ్రం చేయించండి. డ్రమ్ములో మూడు నాలుగు సీసాలు వేసి, మూత బిగించి, రోకలిని రంధ్రం గుండా దించి దంచాలి. రంధ్రం చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్కను బిగిస్తే పెంకులు ఎగిరి బయటికి రావు. ఇంట్లో పాతబడిన రాతిరోలు ఉందని అందులో గాజు దంచే ఆలోచన వద్దు; ఆ రోలులో తర్వాత ఎవరో ఒకరు పచ్చడి నూరుతారు.

సీసా అడుగు భాగం, మెడ భాగం మందంగా ఉండి చివరిదాకా మొండికేస్తాయి. వాటిని వేరు చేసి ఇంకోసారి దంచాలి.

జల్లించడం, పదును తీయడం

మూడు జల్లెడలు కావాలి. కంకర జల్లించే 12 మిల్లీమీటర్ల జల్లెడ మీద ముక్కలు మిగులుతాయి. తాపీ పనివారు ఇసుకకు వాడే 4 మిల్లీమీటర్ల దరిదాపు జల్లెడ మీద పలుకులు మిగులుతాయి. దాని కింద పడిన నూకను సన్నని పిండి జల్లెడలో మళ్లీ జల్లిస్తే అడుగున పిండి లాంటిది కొంచెం దొరుకుతుంది. జల్లెడపట్టేటప్పుడు గాజు పొడిగా ఉండాలి కాబట్టి మాస్కు విషయంలో రెట్టింపు శ్రద్ధ అవసరం. ఒకసారి గాజుకు వాడిన జల్లెడను వంటింటికి తిరిగి తీసుకువెళ్లకూడదు. దాని పిడికి ఎర్ర రంగు వేసి వేరుగా పెట్టండి.

చేత్తో తాకే చోట, కాలితో తొక్కే చోట వాడబోయే ముక్కలకు పదును తీయాలి. చిన్న కాంక్రీటు మిక్సర్‌ను ఒక రోజుకు అద్దెకు తీసుకుని, మూడో వంతు వరకు గాజు ముక్కలు, రెండు గంపల గరుకు ఇసుక, అవి మునిగేంత నీళ్లు వేసి తిప్పితే అంచులు ఒకదానికొకటి ఒరుసుకుని మొద్దుబారుతాయి. మూడు గంటల తర్వాత కాసిని తీసి చూడండి. అంచు మీద వేలు నొక్కకుండా, పాత నైలాన్ మేజోడు మీద రాయండి. మేజోడు దారం తెగితే ఇంకా తిప్పాలి. సముద్రపు ఒడ్డున అలలు ఏళ్ల తరబడి చేసే పనిని మిక్సర్ ఒక పూటలో చేస్తుంది.

పగలగొట్టని సీసాలతో గోడ

పాత సామాను కొట్టు కూడా తీసుకోని, మూతి పగలని సీసాలు మిగిలితే పెరటి అరుగుకో, మొక్కల మధ్య మోకాలెత్తు గోడకో వాడవచ్చు. సీసానే ఇటుకగా చేయాలన్న ఆలోచన 1960లలో హైనెకెన్ బీరు కంపెనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ హైనెకెన్‌కు వచ్చింది. ఇటుకలా పేర్చగలిగే చదరపు బీరు సీసాను జాన్ హాబ్రాకెన్ అనే డచ్ వాస్తుశిల్పి చేత రూపొందింపజేశారు గానీ అది వ్యాపారంగా సాగలేదు. గుండ్రటి మామూలు సీసాలతో ఏకంగా ఆలయాన్నే కట్టినవారు థాయిలాండ్ బౌద్ధ భిక్షువులు. సిసాకెట్ రాష్ట్రంలోని ఆ ఆలయంలో పది లక్షలకు పైగా సీసాలు ఉన్నాయి.

650 మిల్లీలీటర్ల సీసా పొడవు దాదాపు ఒక అడుగు, గోడ మందం కూడా అంతే అవుతుంది. నేలను తొమ్మిది అంగుళాలు తవ్వి, రాతితోనో ఇటుకతోనో పునాది వేసి, నేల మట్టానికి నాలుగు అంగుళాల పైకి లేపండి. సీసాల లోపల చుక్క తడి లేకుండా ఆరబెట్టి మూతలు బిగించాలి, లేకపోతే లోపల ఆవిరి చేరి నాచు పడుతుంది. ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల సన్నని బూడిద) కలిసిన సిమెంటు ఒక వంతుకు నాలుగు వంతుల ఇసుక చొప్పున మాలు కలిపి, సీసాలను అడ్డంగా పడుకోబెట్టి, అడుగులు బయటికి, మెడలు లోపలికి వచ్చేలా, ఒక్కొక్క దాని మధ్య అంగుళం మాలు ఉండేలా పేర్చండి. మెడల వైపు సందులు పెద్దవిగా ఉంటాయి కాబట్టి అక్కడ ఇటుక ముక్కలు దూర్చి మాలు ఆదా చేయవచ్చు. రోజుకు మూడు వరుసలకు మించవద్దు. తడి మాలులో నున్నటి సీసాలు బరువుకు జారిపోతాయి. వారం రోజులు నీళ్లు పట్టాలి. ఈ గోడ మీద ఎలాంటి కప్పూ నిలబెట్టకూడదు. మూడు అడుగుల ఎత్తు దాటితే మధ్యలో ఇటుక స్తంభాలు తప్పనిసరి.

ప్రహరీ గోడ పైన పగిలిన సీసా పెంకులను నిలబెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. దానిని నేను గాజు ఉపయోగంగా లెక్కించను. దొంగ దుప్పటి వేసి దాటుతాడు. తెగేది పిల్లి పాదాలూ, బంతి కోసం ఎక్కిన పిల్లవాడి అరచేతులూ.

ముక్కలు: పెరట్లో

పదును తీసిన ముక్కలను మొక్కల పాదుల చుట్టూ పరిస్తే కలుపు తగ్గుతుంది, మట్టి తేమ ఆరిపోకుండా కొంత కాపాడుతుంది. అయితే తరచుగా తవ్వి ఎరువు వేసే కూరగాయల మడిలో వేయవద్దు. అలంకారపు మొక్కలు, కొబ్బరి పాదు వంటి చోట్లు సరిపోతాయి. కుండీ అడుగున గాజు ముక్కలు వేస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు గానీ అది నిజం కాదు. సన్నని మట్టి పూర్తిగా తడిసేదాకా నీరు కింది ముతక పొరలోకి దిగదు కాబట్టి, అడుగున ముక్కలు వేస్తే తడి మట్టి వేళ్లకు మరింత దగ్గరగా పైకి జరుగుతుంది. కుండీకి మంచి రంధ్రం చాలు.

ఇంకుడు గుంతలో 20 మిల్లీమీటర్ల కంకరకు బదులుగా గాజు ముక్కలు వాడడం సాంకేతికంగా సాధ్యమే, గాజు నీటిని పీల్చదు కాబట్టి నీరు సాఫీగా దిగుతుంది. కానీ మూడు నాలుగేళ్లకొకసారి ఆ గుంతలో పేరుకున్న బురదను ఎవరో ఒకరు చేతులతో ఎత్తవలసి వస్తుంది. ఆ మనిషిని తలచుకుని నేను ఇంకుడు గుంతలో గాజును వేయను, మీరూ వేయవద్దని కోరుతున్నాను.

పిండి: అదే గాజు విషం, అదే మందు

గాజును సిమెంటుతో కలిపే ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. సిమెంటులోని క్షారం గాజులోని సిలికాను నెమ్మదిగా కరిగించి ఒక బంక పదార్థాన్ని పుట్టిస్తుంది. ఆ బంక నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బినప్పుడు చుట్టూ ఉన్న సిమెంటును లోపలి నుంచి చీలుస్తుంది. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. నెలలు, ఏళ్లు గడిచాక ముఖం మీద సాలెగూడు లాంటి పగుళ్లు కనిపిస్తాయి. కొన్ని రకాల రాళ్లతో వేసిన కాంక్రీటు ఇలా పగలడానికి కారణం ఈ చర్యేనని కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ అనే ఇంజనీరు 1940లో వెల్లడించాడు. గాజులో సిలికా స్ఫటికంగా కట్టుకుని ఉండదు కాబట్టి అది ఈ చర్యకు మరింత తేలికగా లొంగుతుంది.

విచిత్రమేమిటంటే, అదే గాజును 75 మైక్రాన్ల కన్నా మెత్తటి పిండిగా విసిరితే అది తిరగబడి మేలు చేస్తుంది. అంత సన్నని రేణువులు మొదటి వారాల్లోనే సున్నంతో, క్షారంతో కలిసిపోయి సిమెంటును చిక్కబరుస్తాయి, తర్వాత పలుకుల మీద పడడానికి క్షారం పెద్దగా మిగలదు. ఫ్లైయాష్, ఉక్కు కర్మాగారాల కొలిమిలో తేలే తెట్టు అయిన స్లాగ్ చేసే పని కూడా ఇదే. రోకలితో, ఇంటి జల్లెడతో అంత మెత్తటి పిండిని ఎక్కువగా తీయలేం. దానికి గుండ్లతో తిరుగుతూ నలగ్గొట్టే బాల్ మిల్లు కావాలి. కాబట్టి ఇంటి పనికి దగ్గరి దారి ఏమిటంటే ఫ్లైయాష్ కలిసిన పి.పి.సి. సిమెంటును గానీ, స్లాగ్ కలిసిన పి.ఎస్.సి. సిమెంటును గానీ కొనడం. పి.పి.సి.లో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ ఉంటుంది. రామగుండం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి విద్యుత్ కేంద్రాల బూడిద, విశాఖ ఉక్కు స్లాగ్ మన సిమెంటు పరిశ్రమకు దగ్గరలోనే ఉన్నాయి కనుక ఈ రెండు రకాలూ మన ఊళ్లలో సులువుగా దొరుకుతాయి. గాజు కలిపే పనికి ఇవేవీ కలవని ఓ.పి.సి. సిమెంటును మాత్రం ఒంటరిగా వాడవద్దు.

మిగిలిన గాజు పిండిని ఎవరైనా గాలిపటాల మాంజాకు అడిగితే ఇవ్వకండి. సంక్రాంతి రోజుల్లో ఆ దారం మెడలకు చుట్టుకుని ద్విచక్ర వాహనదారులు చనిపోయారు, పక్షులు రెక్కలు తెగి పడిపోతున్నాయి.

నూక: ఇసుకకు బదులు

కడిగిన నూకను నడక దారి బిళ్లల్లో, అరుగు పైపూతలో, బిళ్లల కింద పరుపుగా వాడవచ్చు. ఇసుకలో ఐదో వంతుకు మించకుండా కలపండి. గాజు నున్నగా ఉంటుంది కాబట్టి సిమెంటు దానిని రాతి ఇసుకలా గట్టిగా పట్టుకోదు, పాలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. మాలు కూడా కాస్త బిరుసుగా, తాపీకి లొంగనట్టుగా ఉంటుంది. అలా ఉందని నీళ్లు ఎక్కువ పోస్తే ఉన్న బలం కూడా పోతుంది. స్తంభాలు, దూలాలు, శ్లాబు, నీళ్ల ట్యాంకు వంటి బరువు మోసే, ఎప్పుడూ తడిగా ఉండే కట్టడాల్లో ఇంట్లో దంచిన గాజును ఒక్క గంప కూడా వేయకూడదు.

పలుకులు: మొజాయిక్ బిళ్లలు

నా దృష్టిలో ఇంట్లో పగలగొట్టిన గాజుకు అన్నింటికన్నా గౌరవప్రదమైన స్థానం మొజాయిక్ గచ్చే. 1970లు, 80లలో కట్టిన మన ఇళ్లలో చలువరాతి పలుకులతో వేసిన ఆ గచ్చు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రాతి పలుకుల స్థానంలో గాజు పలుకులు వేస్తే వెలుతురు వాటి లోపలికి దిగి తిరిగి వస్తుంది. ఆకుపచ్చ సీసా పలుకులు తెల్ల సిమెంటులో తడి తమలపాకు రంగులో మెరుస్తాయి.

ఒక అడుగు చదరం, ఒక అంగుళం మందం ఉన్న బిళ్లకు రెండు పొరలు ఉంటాయి. పైన కనిపించే 10 మిల్లీమీటర్ల ముఖపొరకు 600 గ్రాముల సిమెంటు, 100 గ్రాముల గాజు పిండి, 1100 గ్రాముల పలుకులు, 240 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. కింద 15 మిల్లీమీటర్ల వెనుకపొరకు 700 గ్రాముల సిమెంటు, 2100 గ్రాముల ఇసుక, దాదాపు 320 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి. ఒక బీరు సీసా దాదాపు అర కిలో తూగుతుంది కనుక ఒక బిళ్లకు మూడు సీసాలు, నూరు చదరపు అడుగుల వరండాకు మూడు వందల సీసాలు అని లెక్క వేసుకోండి. తెల్ల సిమెంటులో ఫ్లైయాష్ ఉండదు. అందుకే తెల్ల బిళ్లలను ఎప్పుడూ పొడిగా ఉండే గదులకే పరిమితం చేసి, ఆ 100 గ్రాముల పిండి స్థానంలో తెల్లగా ఉండే మెటాకావొలిన్ (కాల్చిన తెల్ల బంకమట్టి పొడి) వేయండి. వరండాకు, స్నానాల గది ముందుకు, వాన తగిలే చోటుకు బూడిద రంగు పి.పి.సి. లేదా పి.ఎస్.సి. సిమెంటే వాడాలి. సిమెంటును చీల్చే ఆ బంక తడి లేకపోతే ఉబ్బదు, పొడి గదుల్లో తెల్ల సిమెంటు చెల్లేది అందుకే.

అచ్చుకు నున్నటి ఇనుప రేకు, దాని చుట్టూ ఒక అంగుళం ఎత్తున్న బద్దలు చాలు. రేకు మీద పలుచగా నూనె రాసి, ఎక్కువైనది గుడ్డతో తుడిచేయండి. ముందు సిమెంటునూ పిండినీ పొడిగా కలిపి, నీళ్లలో మూడు వంతులు పోసి జారు లేకుండా ముద్ద చేసి, పలుకులు వేసి, ప్రతి పలుకుకూ సిమెంటు పట్టేదాకా కలపాలి. మిగిలిన నీళ్లు అవసరాన్ని బట్టే పోయాలి. గాజు నీళ్లు పీల్చదు కాబట్టి రాతి పలుకులకు అలవాటు పడిన చేయి ఇక్కడ నీళ్లు ఎక్కువ పోస్తుంది. ఈ మిశ్రమాన్ని అచ్చులో పరిచి, మూలల్లో చేతొడుగు వేసుకున్న వేలితో నొక్కి, అచ్చు అంచులను చెక్క సుత్తితో రెండు మూడు నిమిషాలు తట్టండి. బుడగలు పైకి వచ్చి పగలడం ఆగితే చాలు. అరగంట తర్వాత దాని మీద వెనుకపొర మాలును కాస్త పొడిగా, పిడికిట్లో నొక్కితే ముద్దకట్టేంత తేమతో వేసి, గట్టిగా దిమ్మిస చేసి, బద్దతో సమం చేయండి. పై భాగాన్ని గరుకుగా వదిలేయాలి. రేపు నేల మాలుకు పట్టేది అదే.

ఇరవై నాలుగు గంటల తర్వాత బద్దలు విప్పి, బిళ్లను పక్కకు జార్చి తీయండి. వేసవిలో అయితే అచ్చు మీద తడి గోనె కప్పడం మరువవద్దు. తీసిన బిళ్లలను ఏడు రోజులు నీళ్ల తొట్టిలో ముంచి ఉంచాలి. అప్పుడు చూస్తే ముఖమంతా సిమెంటు తోలు కప్పి ఉంటుంది, గాజు దాదాపు కనిపించదు. చాలామంది ఇక్కడే నిరుత్సాహపడతారు.

అసలు అందం ఒరపడంలో బయటపడుతుంది. 60 నంబరు కార్బొరండం రాయితో, ధారగా నీళ్లు పోస్తూ, గుండ్రంగా తిప్పుతూ, పలుకుల అడ్డుకోత కనిపించేదాకా రుద్దండి. నాలుగైదు బిళ్లలే అయితే చేతితో చేయవచ్చు. గచ్చు మొత్తానికైతే మొజాయిక్ పాలిష్ యంత్రం ఉన్న పనివారిని పిలవడం మంచిది. ఆ వృత్తివారు ఇప్పుడు తక్కువైపోయారు గానీ పాత పట్టణాల్లో విచారిస్తే దొరుకుతారు. విద్యుత్ యంత్రాన్ని నీళ్లలో వాడే చోట ఎర్త్ లీకేజీ బ్రేకర్ ఉన్న కనెక్షన్ తప్పనిసరి. మొదటి ఒరపు తర్వాత ముఖం మీద సూదిమొన రంధ్రాలు కనిపిస్తాయి. అదే రంగు సిమెంటును వెన్నలా కలిపి, రంధ్రాలలోకి రుద్ది, మూడు రోజులు తడిగా ఉంచి, తర్వాత 120 నంబరు రాయి, ఆపై 220, చివరికి 320 వాడండి. ఒక రాయి గీతలు పూర్తిగా పోకుండా తర్వాతి రాయికి వెళ్లకూడదు. చివరన కొంచెం ఆక్సాలిక్ యాసిడ్ పొడిని తడి గుడ్డతో రుద్ది కడిగేస్తే పాతకాలపు మెరుపు వస్తుంది; ఆ పొడి విషపూరితం కాబట్టి చేతొడుగులు వేసుకుని, పిల్లలకు అందకుండా దాచాలి. ఒరపగా వచ్చిన బురదను కాలువలో పోయవద్దు, అది గట్టిపడి మూసేస్తుంది. తొట్టిలో తేర్చి, ఎండాక పునాది పూడ్పులో వేయండి.

పలుకు ఒకటి రెండు ఊడి వస్తే ఆందోళన అవసరం లేదు. ఆ గుంటలో కొత్త పలుకును సిమెంటు వెన్నతో అతికించి మళ్లీ ఒరపవచ్చు. చాలా ఊడితే మాత్రం గాజుకు నూనెజిడ్డు మిగిలిందని, అంటే కడగడంలోనే లోపం జరిగిందని గ్రహించాలి.

బిళ్లలు పరిచేటప్పుడు వాటి వెనుక భాగాన్ని తడిపి, సిమెంటు పాలు రాసి, సిమెంటు ఒక వంతుకు ఐదు వంతుల ఇసుక కలిపిన మాలు మీద కూర్చోబెట్టి రబ్బరు సుత్తితో తట్టండి. సందులు మూడు మిల్లీమీటర్లు వదిలి, అదే రంగు సిమెంటుతో నింపి, మరో వారం తడపండి. ఆ తర్వాత రోజువారీగా మంచినీళ్లు, అప్పుడప్పుడు మెత్తటి సబ్బునీళ్లు చాలు. మరుగుదొడ్డి శుభ్రం చేసే యాసిడ్‌ను ఈ గచ్చు మీద ఎన్నడూ పోయవద్దు. ఆ యాసిడ్ గాజును ఏమీ చేయలేదు గానీ చుట్టూ ఉన్న సిమెంటును తినేసి, పలుకుల అంచులను పైకి తేల్చుతుంది. ఒట్టికాళ్లతో నడిచే గచ్చుకు అది పనికిరాదు. అలా జరిగితే 120 నంబరు రాయితో మళ్లీ ఒరపవలసిందే.